ఎవరికీ చెప్పనని మాటిచ్చాను

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నాకు 27 ఏళ్ళు. ఎమ్మెస్సీ సైకాలజీ తర్వాత కౌన్సెలింగ్‌లో ఏడాది డిప్లొమా చేశాను. రెండేళ్ళుగా ఒక రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో స్టూడెంట్ కౌన్సెలర్‌ని. 1,400 మంది పిల్లలకు నేనొక్కదాన్నే. గత నెలలో సెకండియర్ ఎంపీసీ అబ్బాయి ఒకడు వచ్చి, ఎవరికీ చెప్పనని ముందు నా దగ్గర మాట తీసుకుని, బతకాలని లేదన్నాడు. ఆ రాత్రి నాకు భయమేసింది. వైస్ ప్రిన్సిపాల్ గారికి ఫోన్ చేసి అంతా చెప్పేశాను. మర్నాడు ఆయన స్టడీ అవర్‌లో అందరి ముందూ వాణ్ణి నిలబెట్టి, "మీ నాన్న అప్పు చేసి చదివిస్తుంటే నీకు చావాలనుందా?" అని అరిచారు. వాళ్ళ నాన్నను పిలిపించి ఇంటికి పంపేశారు. క్షేమంగానే ఉన్నాడని తెలిసింది. కానీ వెళ్తూ నన్ను చూసిన చూపు మర్చిపోలేకపోతున్నాను. నిద్ర పట్టడం లేదు. ఇప్పుడు యాజమాన్యం 'వీక్ మైండ్' పిల్లల పేర్లు రిజిస్టర్‌లో రాసి వారం వారం ఇమ్మంటోంది. అక్టోబర్ 10న అవేర్‌నెస్ ప్రోగ్రామ్ పెట్టమంది, దానికి స్లైడ్లు చేస్తున్నాను. అమ్మ ఈ ఉద్యోగం మానేయమంటోంది. నేను తప్పు చేశానా? ఏ కోర్సు చేస్తే ఇలాంటివి సరిగ్గా చేయగలను?
— పేరు వద్దు, గుంటూరు జిల్లా

జవాబు:

అమ్మా,

చెప్పడం తప్పు కాదు. ఆ రాత్రి మీరు భయపడ్డందుకు నేను సంతోషిస్తున్నాను. తప్పు దానికి ముందు ఇచ్చిన మాటలో ఉంది, చెప్పిన తీరులో కొంత ఉంది. నలుగురిలో పిల్లవాణ్ణి నిలబెట్టి అరవడం మాత్రం మీ లెక్కలో పడదు, అది ఆ పెద్దమనిషిది. ఈ మూడూ కలిపి ఒకే మూటగా కట్టి మీ నెత్తిన పెట్టుకున్నారు. విడివిడిగా విప్పి చూద్దాం.

నా మొదటి ఏడాదిలో నేనూ అదే మాట ఇచ్చాను. ఒక డిగ్రీ అమ్మాయి, హాస్టల్లో ఉండేది. "ఒట్టేయండి మేడమ్" అంది, వేశాను. మీరు ఒక్క రాత్రి మోశారు, నేను పదకొండు రోజులు మోశాను. పొద్దున్నే గేటు దగ్గర ఆటో దిగగానే నా కళ్ళు ఆ అమ్మాయి క్లాసు వైపు పోయేవి, వచ్చిందా లేదా అని. పన్నెండో రోజు ఆ అమ్మాయి రూమ్మేటే వెళ్ళి వార్డెన్‌కి చెప్పింది. పద్దెనిమిదేళ్ళ పిల్లకు తోచిన పని, అంత చదువుకున్న నాకు తోచలేదు. ఆ అమ్మాయి తర్వాత కోలుకుంది. మాట నిలబెట్టుకున్నానన్న తృప్తి మాత్రం నాకు ఏ రోజూ కలగలేదు.

అప్పటి నుంచి, మొదటిసారి నా ఎదుట కూర్చున్న ఎవరికైనా, వాళ్ళింకా ఏమీ చెప్పకముందే ఈ మాటలు చెప్తాను. మీ నోటికి తగ్గట్టు మార్చుకోండి. "నువ్విక్కడ చెప్పేది ఇక్కడే ఉంటుంది. లెక్చరర్లకు, ప్రిన్సిపాల్‌కు, ఇంట్లో వాళ్ళకు చేరదు. మూడు విషయాల్లో మాత్రం నేను ఇంకొకరి సాయం తీసుకోక తప్పదు. నీ ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే, నీ వల్ల ఇంకొకరికి ముప్పు ఉందనిపిస్తే, పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళ మీద ఎవరైనా లైంగికంగా చెయ్యి వేశారని తెలిస్తే. అప్పుడు కూడా ముందు నీతో చెప్పాకే చేస్తాను." ఇది వింటే పిల్లలు నోరు విప్పరేమోనని మీకు అనిపించొచ్చు. నా అనుభవంలో దాదాపు ఎప్పుడూ అలా జరగలేదు. కొంతమంది కాసేపు నేల చూసి, "మీరు చెప్పిన మూడోది ఉంది కదా మేడమ్..." అని అక్కడి నుంచే మొదలుపెట్టారు.

ఆ మూడోదాంట్లో మన ఇష్టాయిష్టాలకు చోటు లేదు. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం విషయం తెలిసిన ఎవరైనా పోలీసులకు తెలియజేయాలి, తెలియజేయకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంది. ఇంటర్ పిల్లల్లో ఎక్కువమంది 18 లోపు వాళ్ళే, కాబట్టి ఇది మీ టేబుల్ మీదికి ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఇక ప్రాణం సంగతి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్, వైద్యం చేసేవాళ్ళు రోగి విషయాలు గోప్యంగా ఉంచాలని చెప్తూనే, ప్రాణానికి ముప్పు తప్పించడానికి అవసరమైతే బయటపెట్టవచ్చంటుంది. మనం పట్టుకోవాల్సింది ఆ 'అవసరమైతే' అన్న మాటని. ఎంత అవసరమో అంతే.

"అంతా చెప్పేశాను" అని రాశారు. ఆ అంతాలో వాళ్ళ నాన్న అప్పు కూడా ఉండి ఉంటుంది. లేకపోతే స్టడీ అవర్‌లో ఆ మాట వైస్ ప్రిన్సిపాల్ గారి నోట ఎలా వస్తుంది? ఆ అబ్బాయి మిమ్మల్ని అలా చూడటానికి కారణం అదే అనుకుంటాను. తన ప్రాణం గురించి చెప్పినందుకు కాదు, తన ఇంటి గుట్టు పోయినందుకు. కాలేజీకి తెలియాల్సింది మూడే మాటలు: ఈ రాత్రి వీణ్ణి ఒంటరిగా ఉంచకూడదు, ఇంట్లో వాళ్ళు రావాలి, డాక్టర్‌కి చూపించాలి. అప్పు, ప్రేమ, నాన్న తాగుడు, అక్క పెళ్ళి ఆగిపోవడం, ఇవేవీ వాళ్ళకు అక్కర్లేదు. చెప్పేటప్పుడు ఆ పిల్లవాడు మీ పక్కనే కూర్చుని ఉండాలి. "ముందు అమ్మకు చేద్దామా, నాన్నకు చేద్దామా?" అని వాణ్ణే అడగండి. నంబర్ వాడి చేతే నొక్కించండి. ఫోన్ అవతలి వాళ్ళకు మీరు ఏమేం చెప్తారో ముందే వాడికి వినిపించండి. ఇలా చేస్తే కోపం రాదని అనను, వస్తుంది. కానీ తన వెనకాల ఏదో జరిగిందన్న భావం ఉండదు.

ఇక్కడ ఒక సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనం చదివిన పుస్తకాలు ఇంగ్లిష్‌లో, పిల్లలు మాట్లాడేది తెలుగులో. చావు అన్న మాట మన పిల్లలు రోజుకు పదిసార్లు ఊరికే వాడతారు. "చచ్చాంరా, రేపు వీక్లీ టెస్ట్", "ఈ ఇంటిగ్రేషన్‌తో చస్తున్నా", "సిగ్గుతో చచ్చిపోయా". నిజంగా బతకాలని లేని పిల్లవాడు కూడా అదే మాట వాడొచ్చు, అదే నవ్వుతో. కాబట్టి మనం అడగాలి, సూటిగా, గొంతు మార్చకుండా: "ఊరికే అన్నావా, లేక నిజంగానే ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది కౌన్సెలర్లే జంకుతారు. అలా పుట్టదని ఎన్నో అధ్యయనాలు తేల్చాయి. అడిగాక చాలామంది ముఖంలో కనిపించేది ఊరట. వస్తోందంటే, ఎప్పటి నుంచి, రోజులో ఎంతసేపు, ఏమైనా సిద్ధం చేసుకున్నావా, ఇంతకుముందు ప్రయత్నించావా, ఇన్నాళ్ళూ నిన్ను ఆపింది ఏమిటి అని ఒక్కొక్కటే అడగండి. ఆ చివరి ప్రశ్న దగ్గర తొందరపడకండి. "చెల్లి" అనొచ్చు, "మా కుక్క" అనొచ్చు. అక్కడే మీకు పట్టు దొరుకుతుంది.

అమెరికాలో బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ అనే ఇద్దరు రూపొందించిన సేఫ్టీ ప్లాన్ ఇప్పుడు చాలా దేశాల్లో వాడుతున్నారు. ఒక్క కాగితం, ఆరు మెట్లు, పిల్లవాడి చేతిరాతతోనే. ఆలోచన ముదురుతోందని తెలిపే గుర్తులు. తనంతట తాను చేయగలిగినవి. మనసు మళ్ళించే మనుషులూ చోట్లూ. సాయం అడగగలిగినవాళ్ళు. డాక్టరు, హెల్ప్‌లైన్. చివరగా, ప్రమాదమైనవి చేతికి అందకుండా చూడటం. మీ హాస్టల్‌లో ఇది ఎలా ఉంటుందో ఊహించండి: "రాత్రి పన్నెండు దాటినా నిద్ర రాకపోవడం, మొహం కడుక్కుని రావడం, రూం నంబర్ 14లో ఫలానా వాడి పక్కన కూర్చోవడం, పెద్దమ్మకు ఫోన్". "ఏమీ చేసుకోనని రాసివ్వు" అని సంతకం పెట్టించుకునే అలవాటు ఇంకా కొన్నిచోట్ల ఉంది. దానివల్ల ప్రయోజనం ఉందని ఎవరూ చూపించలేకపోయారు. ఆ సంతకం మన భయం తీర్చడానికే.

మామూలు రోజుల్లో మీ గదికి వచ్చే పిల్లలు కూడా డిప్రెషన్ అని, యాంగ్జైటీ అని రారు. తలనొప్పి అని వస్తారు. కడుపులో తిప్పుతోందని, కళ్ళు తిరుగుతున్నాయని వస్తారు. మాటల్లో పెట్టమంటే "ఏమో మేడమ్, ఏదోలా ఉంది" అంటారు. ఆ 'ఏదోలా'ని వదలకండి. మన భాషలో దానికి ఎన్ని పేర్లున్నాయో! బెంగ అంటే దాని చివర ఒక మనిషో ఇల్లో ఉంటుంది. దిగులు ఎక్కువగా రేపటి గురించి. గుబులు కారణం చెప్పకుండా గుండెలో కూర్చుంటుంది. ఉక్రోషం అవమానం నుంచి పుట్టి కళ్ళలో నీళ్ళుగా వస్తుంది. నామోషీ అంటే నలుగురి కళ్ళూ. తెలంగాణ పిల్ల "రంది" అంటుంది, ఆ ఒక్క మాటలో బెంగా దిగులూ రెండూ ఉంటాయి. ఇంటి మీద బెంగపడుతున్న పిల్లవాడికి మీరు పరీక్ష భయానికి చెప్పే ఊపిరి వ్యాయామం చెప్తే, వాడు తలూపి వెళ్ళిపోతాడు, మళ్ళీ రాడు. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టి, పిల్లలు వాడిన మాటలు వాళ్ళ పేర్లు లేకుండా రాసుకోండి. నా దగ్గర అలాంటివి నాలుగు నిండాయి. ఏ కోర్సులోనూ నాకు అంత దొరకలేదు.

ఇప్పుడు కోర్సు సంగతి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కాలేజీ ఉంది, వైస్ ప్రిన్సిపాల్ ఉన్నారు, అమ్మ ఉంది, 1,400 మంది పిల్లలున్నారు. ఆ రాత్రి మీరు ఫోన్ చేసి "ఇలా అయింది, ఏం చేయమంటారు?" అని అడగదగ్గ ఇంకో కౌన్సెలర్ ఎక్కడా కనిపించలేదు. మీకు లేనిది అది. మీరు వైస్ ప్రిన్సిపాల్ గారికి ఫోన్ చేసింది ఆయన తగినవారని కాదు, ఇంకెవరూ లేక.

మా వృత్తిలో దాన్ని సూపర్‌విజన్ అంటారు. తెలుగులో పర్యవేక్షణ అనగానే పరీక్ష హాల్లో వెనకాల నడిచే ఇన్విజిలేటర్ గుర్తొస్తాడు కాబట్టి నేను ఆ మాట వాడను. ఇది తనిఖీ కాదు. మీకంటే ఎక్కువ కేసులు చూసిన మనిషి ముందు కూర్చుని, మీ సెషన్‌లో ఏం జరిగిందో, మీలో ఏం జరిగిందో చెప్పుకోవడం. బ్రిటన్‌లో అక్కడి కౌన్సెలర్ల సంఘం గుర్తింపు ఉన్నవాళ్ళకు నెలకు కనీసం గంటన్నర సూపర్‌విజన్ తప్పనిసరి, ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళకైనా సరే. మన దగ్గర క్లినికల్ సైకాలజీ శిక్షణలో ఉన్నంతకాలం అది ఉంటుంది, కౌన్సెలర్ కాలేజీలో చేరిన రోజు నుంచి ఏమీ ఉండదు.

నాకు అది దొరికింది అదృష్టవశాత్తూ. రిటైరైన ఒక పెద్దాయన, నెలకు రెండు శనివారాలు. మొదటి రోజు నేను ఒక అబ్బాయి కేసు చెప్తున్నాను. "బాగా ఏడ్చాడు సార్, గ్లాసుతో నీళ్ళిచ్చాను, సర్దుకున్నాడు" అన్నాను. ఆయన ఆపి, "నీళ్ళు అడిగాడా?" అన్నారు. లేదన్నాను. "మరి ఎవరి కోసం ఇచ్చావమ్మా?" అన్నారు. చాలాసేపు జవాబు చెప్పలేకపోయాను. ఆ ఏడుపు నేను చూడలేకపోయాను, అందుకు ఇచ్చాను. పిల్లవాడు ఎంతో కాలానికి ఏడుస్తుంటే చేతిలో గ్లాసు పెట్టి ఆపేశాను. ఇలాంటిది ఎవరో చూపిస్తే తప్ప మనకు మనం చూసుకోలేం. మీరు ఆ అబ్బాయికి మాటివ్వడం కూడా నాకు ఆ నీళ్ళ గ్లాసు లాగే కనిపిస్తోంది.

ఎక్కడ దొరుకుతారంటే, విజయవాడ, గుంటూరు, హైదరాబాద్, విశాఖల్లో పదేళ్ళు దాటిన క్లినికల్ సైకాలజిస్టులు ఉన్నారు, ఆన్‌లైన్‌లో నెలకో గంట ఇమ్మని అడగండి. ఫీజు ఇవ్వండి, ఊరికే వద్దు. ఫీజు ఇస్తే మానరు. కాలేజీ భరిస్తుందేమో రాతపూర్వకంగా అడగండి, కాదంటే మీ జీతంలోంచైనా సరే, దీనికి ఖర్చు పెట్టండి. దానితో పాటు మీ చుట్టుపక్కల కాలేజీల్లో మీలాంటి కౌన్సెలర్లు నలుగురైదుగురు ఉంటారు. రెండు వారాలకొక ఆదివారం రెండు గంటలు కూర్చోండి. ఒకరు పేర్లూ ఊర్లూ మార్చి ఒక కేసు ఇరవై నిమిషాలు చెప్పాలి, మిగతావాళ్ళు సలహా ఇవ్వకుండా ప్రశ్నలే అడగాలి. సలహా ఇవ్వకుండా ఉండటం మనవాళ్ళకు ఎంత కష్టమో మొదటి ఆదివారమే తెలుస్తుంది.

ఆ తర్వాత కోర్సు. మన దేశంలో కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకోవడానికి ఇప్పటిదాకా గట్టి అడ్డు లేదు, అందుకే వారాంతపు సర్టిఫికెట్లు ఇన్ని. రెండు రోజుల్లో మాటలతో మనసు మారుస్తామనే ఎన్‌ఎల్‌పీ, మూడు రోజుల్లో హిప్నోథెరపీ, చేతిరాత చూసి మనస్తత్వం. డబ్బు పెట్టకండి. క్లినికల్ సైకాలజిస్ట్ అనిపించుకోవాలంటే 1992 చట్టం కింద ఏర్పడిన రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, మనం ఆర్‌సీఐ అంటాం, ఆ రిజిస్టర్‌లో పేరుండాలి. దానికి ఇన్నాళ్ళూ రాజమార్గం రెండేళ్ళ ఎం.ఫిల్. కొత్త విద్యా విధానం ఎం.ఫిల్‌ని తీసేసింది, క్లినికల్ సైకాలజీకి మాత్రం యూజీసీ 2025-26 దాకా గడువిచ్చింది. వాటి స్థానంలో వేరే కోర్సులు వస్తున్నాయి. కాబట్టి ఏ సంస్థలోనైనా చేరేముందు, ఆ ఏడాది ఆర్‌సీఐ ఆమోదించిన జాబితాలో ఆ కోర్సు పేరు, ఆ కాలేజీ పేరు రెండూ మీ కళ్ళతో చూసుకోండి. మిగతా సైకాలజిస్టులూ కౌన్సెలర్లూ 2021లో వచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం పరిధిలోకి వస్తారు, ముందుముందు మీ రిజిస్ట్రేషన్ ఆ దారిలో ఉంటుంది. మీ మార్కుల మెమోలు, ప్రాక్టికల్ గంటల రికార్డులు, అనుభవ పత్రాలు ఇప్పటి నుంచే ఒక ఫైల్‌లో పెట్టుకోండి. ఉద్యోగం మానకుండా చదవాలంటే బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ నడిపే డిజిటల్ అకాడమీ 2018 నుంచి సైకాలజిస్టులకు, సోషల్ వర్కర్లకు ఆన్‌లైన్‌లో నేర్పుతోంది. ఏ కోర్సునైనా నేను ఒక్క ప్రశ్నతో తూస్తాను: నిజమైన మనుషులతో నేను చేసిన పనిని ఎవరైనా చూసి దిద్దుతారా?

ఇక యాజమాన్యం అడిగిన ఆ 'వీక్ మైండ్' రిజిస్టర్ ఇవ్వకండి. ఇక్కడ మీ చేతిలో బలమైన కాగితం ఒకటుంది. విశాఖపట్నంలో హాస్టల్లో ఉంటూ నీట్‌కి చదువుతున్న 17 ఏళ్ళ అమ్మాయి 2023లో చనిపోయింది. ఆ కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు ఇస్తూ, దేశమంతా విద్యాసంస్థలు పాటించాల్సిన 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతిచోటా కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలర్, సైకాలజిస్ట్ లేదా సోషల్ వర్కర్ ఉండాలి. మార్కులను బట్టి బ్యాచులు విడదీయడం, నలుగురిలో అవమానించడం కూడదు. సిబ్బంది అందరికీ ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఉండాలి. రికార్డులు పేర్లు లేకుండా ఉంచి ఏటా నివేదిక ఇవ్వాలి. పేర్లు లేకుండా, అని అందులోనే ఉంది. ఆ తీర్పు ప్రింట్ తీసి, గీతలు గీసి, ప్రిన్సిపాల్ గారి దగ్గరికి గొడవ కోసం కాకుండా సాయం కోసం వెళ్ళినట్టు వెళ్ళండి. "సార్, పేర్లిస్తే రేపు మనకే ఇబ్బంది. నెలనెలా ఎంతమంది వచ్చారు, ఏ కారణాలతో, ఎందరిని డాక్టర్‌కి పంపాం, ఇది ఇస్తాను" అనండి. ప్రాణాపాయం ఉన్నప్పుడు ఎవరికి చెప్పాలి, ఎంత చెప్పాలి, పిల్లవాణ్ణి క్లాసులో ప్రశ్నించకూడదు అని ఒక్క పేజీ రాసి సంతకం తీసుకోండి. వైస్ ప్రిన్సిపాల్ గారు చెడ్డవారని నేను అనుకోను. ఆయనకూ ఆ రాత్రి భయమేసి ఉంటుంది, ఆ భయం అరుపుగా బయటికొచ్చింది. అందుకే ఆయన మీ మొదటి శిక్షణలో ముందు వరసలో ఉండాలి.

అక్టోబర్ 10 గురించి. 1992 నుంచి ఆ రోజు ప్రపంచ మానసిక ఆరోగ్య దినం. బ్యానరు, ర్యాలీ, ప్రతిజ్ఞ, ఫొటో, ఇవి ఉన్నా పర్వాలేదు, కానీ మీ శక్తి అక్కడ పోనివ్వకండి. స్లైడ్లలో మరణాల లెక్కలుంటే తీసేయండి. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని జాతీయ నేర గణాంకాలు చెప్తున్నాయి. ఈ అంకె యాజమాన్యానికి చూపించండి, తల్లిదండ్రులకు చూపించండి. హాల్లో కూర్చున్న పదహారేళ్ళ పిల్లలకు వద్దు. వాళ్ళలో ఇప్పటికే ఆ ఆలోచనలో ఉన్నవాళ్ళుంటారు, 'ఇంతమంది' అన్నది వాళ్ళ చెవికి వేరేగా వినిపిస్తుంది. వాళ్ళకు చెప్పాల్సింది సాయం అడిగితే ఏం జరుగుతుందన్నది: ఎక్కడికి రావాలి, నేను ఏమడుగుతాను, ఎవరికి చెప్తాను, ఎవరికి చెప్పను.

ఇంకొకటి, 'ఆత్మహత్యకు పాల్పడ్డారు' అన్న మాట మీ స్లైడ్లలో ఉంటే మార్చండి. మనం దొంగతనానికి పాల్పడ్డారంటాం, మోసానికి పాల్పడ్డారంటాం. నేరానికి వాడే క్రియ అది. 2017 చట్టం 115వ సెక్షన్, ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ శిక్షించకూడదనీ చెప్పింది. వాళ్ళకు వైద్యం, సంరక్షణ అందించాల్సిన బాధ్యత ప్రభుత్వం మీద పెట్టింది. చట్టం మారినా మన పత్రికల వాక్యం మారలేదు. మీ కాలేజీలోనైనా మారుతుంది.

నన్నడిగితే ఆ రోజు సగం సమయం పిల్లలకు కాకుండా మెస్‌లో వడ్డించే అక్కలకు, వార్డెన్లకు, రాత్రి వాచ్‌మన్‌కు ఇవ్వండి. మూడు రోజులుగా పళ్ళెంలో అన్నం అలాగే వదిలేస్తున్నది ఎవరో వడ్డించే అక్కకు తెలుస్తుంది. రాత్రి రెండింటికి వరండాలో ఎవరు తిరుగుతున్నారో వాచ్‌మన్‌కు తెలుస్తుంది. మీకు తెలిసేసరికి పది రోజులు పడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇచ్చిన సైకలాజికల్ ఫస్ట్ ఎయిడ్, అంటే మనసుకు ప్రథమ చికిత్స, మూడు మాటల మీద నడుస్తుంది: చూడు, విను, కలుపు. గంటన్నరలో వాళ్ళ భాషలో నేర్పొచ్చు. "ఏమైంది నాన్నా, అన్నం తినలేదే" అని అడగడం, చెప్పింది తిట్టకుండా వినడం, మీ దగ్గరికి తీసుకురావడం. అంతకు మించి వాళ్ళు చేయనక్కర్లేదు.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 గోడల మీద పెద్దక్షరాలతో రాయించమని సుప్రీంకోర్టు చెప్పింది. 2022 అక్టోబర్ 10న మొదలైన ఆ ఉచిత సేవ రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. కానీ మీ పిల్లల దగ్గర ఫోన్లు లేవు కదా! ఆదివారం వంతుల ప్రకారం ఇంటికి మాట్లాడుకునే పిల్లలకు గోడ మీది నంబర్ దేనికి? కాబట్టి ప్రతి ఫ్లోర్‌లో ఒక ఫోన్, ఎందుకని ఎవరూ అడగకుండా, పక్కన నిలబడకుండా వాడుకునేలా ఉండాలని అడగండి. అక్టోబర్ 10 కార్యక్రమం నుంచి ఇదొక్కటే సాధించినా నాకు చాలు. ఆ నంబర్‌కు మీరు కూడా చేయొచ్చు, కౌన్సెలర్ చేయకూడదని ఎక్కడా లేదు.

మీ నిద్ర విషయం. ఇది బర్నౌట్ అని మీరే పేరు పెట్టుకుంటారేమోనని చెప్తున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్నౌట్‌ని చాన్నాళ్ళ పని ఒత్తిడి నుంచి వచ్చేదిగా చెప్తుంది: శక్తి అయిపోవడం, పని మీద విరక్తి, చేతకాదన్న భావం. మీ ఉత్తరంలో విరక్తి ఎక్కడా లేదు. మీరు అదిరిపోయారు. అదురు మాటల్లో పెడితే తగ్గుతుంది, అందుకే ఆ సూపర్‌విజన్ ఈ వారమే మొదలవాలి. ఇంకో రెండు వారాలైనా నిద్ర ఇలాగే ఉంటే మీరు సైకియాట్రిస్ట్‌కి చూపించుకోండి. దగ్గర్లోని ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఓపీకి మీ కోసం వెళ్ళినప్పుడే అక్కడి డాక్టర్లతో పరిచయం చేసుకోండి, రేపు పిల్లల్ని పంపడానికి ఆ పరిచయం పనికొస్తుంది. రోజుకు బరువైన సెషన్లు నాలుగైదు దాటనివ్వకండి. 1,400 మందిని మీరొక్కరే మోయలేరు, అందుకే ఆ అక్కలూ వార్డెన్లూ.

అమ్మకు ఈ ఉత్తరం చదివి వినిపించండి. ఆవిడ భయం ఉద్యోగం గురించి కాదు, రాత్రి మీ గదిలో వెలుగుతున్న లైటు గురించి.

ఇక ఆ అబ్బాయి. ప్రిన్సిపాల్ గారికి చెప్పి, ఇంటికి ఫోన్ చేయండి. ముందు వాళ్ళమ్మతో మాట్లాడండి. అన్నం తింటున్నాడా, నిద్రపోతున్నాడా, డాక్టర్‌కి చూపించారా అని అడగండి. చూపించకపోతే ఎక్కడికి, ఏ రోజు వెళ్ళాలో చెప్పండి, 14416 రాసుకోమనండి. తర్వాత వాడితో మాట్లాడొచ్చా అని వాడినే అడిగించండి. లైన్‌లోకి వస్తే సంజాయిషీ వద్దు. "ఆ రోజు ఎవరికీ చెప్పనన్నాను. అలా మాటివ్వకుండా ఉండాల్సింది, నీ ప్రాణం విషయంలో నేను ఆగలేను. కానీ చెప్పే ముందు నీతో అనాల్సింది, మీ ఇంటి సంగతులు చెప్పకుండా ఉండాల్సింది. అది నా తప్పు, నన్ను క్షమించు. నీకు ఎలా ఉందో కనుక్కుందామని చేశాను." ఇంతే. తిరిగి కాలేజీకి రమ్మనకండి, పరీక్షల మాట ఎత్తకండి. వాడు ఏమీ అనకుండా పెట్టేస్తే పెట్టేయనివ్వండి. వారం తర్వాత వాళ్ళమ్మ ఫోన్‌కి మళ్ళీ ఒకసారి చేయండి.